బర్జన్, మష్రూమ్, స్కైరాకెట్: పెరుగుదలకు ఏ ఇంగ్లిష్ మాట ఎక్కడ?

మీ ప్రశ్నను ముందు రెండు ముక్కల్లో చెప్పుకుందాం. గ్రూప్-1 మెయిన్స్‌కి తయారవుతూ ఇంగ్లిష్ సంపాదకీయాలను తెలుగులోకి రాసుకుంటున్నారు. ‘బర్జనింగ్ మిడిల్ క్లాస్’ దగ్గర ఆగిపోయారు. ఒక నిఘంటువులో ‘మొగ్గ తొడుగు’ అని ఉంది, ఇంకో దాంట్లో ‘వేగంగా పెరుగు’ అని ఉంది. ఏది సరైనది, దీనికి పర్యాయపదాలేమిటి, ఒకదాని బదులు ఇంకొకటి వాడితే తప్పా అని అడిగారు. మీరు సొంతంగా రాసిన మూడు వాక్యాలు కూడా పెట్టారు. ఆ వాక్యాలకు చివర్లో వస్తాను.

నేను తెలుగు దినపత్రిక డెస్కులో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. రోజూ సాయంత్రం ఏజెన్సీల ఇంగ్లిష్ కాపీ ముందు పెట్టుకుని తెలుగు చేయడమే పని. పెరుగుదలను చెప్పే మాటలు వ్యాపారం పేజీలోనే రోజుకి పది తగిలేవి. మొదటి రెండేళ్లు అన్నిటికీ ‘గణనీయంగా పెరిగింది’ అని రాసేశాను. తప్పు కాదు గానీ, అలా రాస్తే ఇంగ్లిష్ రచయిత చెప్పిన దాంట్లో సగం పోతుంది. ఈ మాటల్లో ప్రతి దాని వెనకా ఒక బొమ్మ ఉంది. ఒకటి మొగ్గ, ఒకటి పుట్టగొడుగు, ఒకటి తారాజువ్వ, ఒకటి అల. బొమ్మ తెలిస్తే ఆ మాట దేనికి సరిపోతుందో, మెచ్చుకోలో ఆక్షేపణో, ఎంతకాలం సాగే పెరుగుదలో మీకే తెలిసిపోతుంది.

ముందు బర్జన్ సంగతి. స్పెల్లింగ్ బీ, యూ, ఆర్, జీ, ఈ, ఓ, ఎన్. చూడగానే మనవాళ్లు ‘బర్గియన్’ అని చదువుతారు. పలకాల్సింది ‘బర్‌జన్’, నొక్కు మొదటి అక్షరం మీద. బేరానికి వాడే ‘బార్గెయిన్’తో గానీ, ‘బూర్జువా’తో గానీ దీనికి చుట్టరికం లేదు. పాత ఫ్రెంచిలో మొగ్గకు, లేత చిగురుకు ఉన్న మాట నుంచి మధ్యయుగాల్లో ఇంగ్లిష్‌లోకి వచ్చింది. ఇప్పటికీ ఫ్రెంచి వాళ్లు మొగ్గను ‘బూర్జోఁ’ అనే అంటారు. కాబట్టి ‘మొగ్గ తొడుగు’ అన్న నిఘంటువు మూలార్థం ఇచ్చింది. ‘వేగంగా పెరుగు’ అన్నది ఇప్పుడు నడుస్తున్న అర్థం ఇచ్చింది. రెండూ నిజమే.

ఈ రెండో అర్థం మీద ఇంగ్లిష్ వాళ్లలోనే పెద్ద తగాదా నడిచింది. బర్జన్ అంటే మొగ్గ వేయడమే తప్ప ఉబ్బిపోవడం కాదని గత శతాబ్దంలో భాషా ఛాందసులు గట్టిగా వాదించారు. జనం వినలేదు. ఇప్పుడు నిఘంటువులన్నీ రెండో అర్థాన్ని ఒప్పుకున్నాయి. పరీక్షలో గానీ వ్యాసంలో గానీ మీరు నిశ్చింతగా వాడొచ్చు. అయితే ఆ పాత మొగ్గ ఇంకా పూర్తిగా చావలేదు. మంచి రచయితలు ఈ మాటను లోపల జీవం ఉండి, తనంతట తాను విచ్చుకుంటూ పెరిగే వాటికే వాడతారు. బర్జనింగ్ ఇండస్ట్రీ, బర్జనింగ్ మార్కెట్, బర్జనింగ్ టాలెంట్, బర్జనింగ్ ఫ్రెండ్‌షిప్ సహజంగా ఉంటాయి. బర్జనింగ్ డెట్ అని అప్పులకు కూడా ఈమధ్య వాడుతున్నారు, కానీ నాకు అది చెవికి ఆనదు. అప్పు మొగ్గ తొడగదు. దానికి వేరే మాటలున్నాయి, చెబుతాను.

ఇంకో గమనిక. క్రియగా ‘బర్జన్డ్’ అని రాసేవాళ్లు తక్కువ. నామవాచకం ముందు విశేషణంగా ‘బర్జనింగ్’ అనే రూపమే ఎక్కువగా కనిపిస్తుంది. అంకెలతో కూడా ఇది పొసగదు. ‘అమ్మకాలు 20 శాతం బర్జన్ అయ్యాయి’ అని ఎవరూ రాయరు. కొలిచి చెప్పే పెరుగుదల కాదిది, చూసి చెప్పేది.

ఇప్పుడు మీ అనువాదం. మీరు ‘మొగ్గ తొడుగుతున్న మధ్యతరగతి’ అని రాశారు. మాట అందంగా ఉంది, కానీ తెలుగు పాఠకుడికి అది ఇప్పుడే పుట్టిన మధ్యతరగతిలా వినిపిస్తుంది. మన దేశంలో మధ్యతరగతి కోట్లలో ఉంది. ఇక్కడ ఇంగ్లిష్ రచయిత చెప్పింది పుట్టుక గురించి కాదు, విస్తరణ గురించి. ‘నానాటికీ విస్తరిస్తున్న మధ్యతరగతి’ అంటే సరిపోతుంది. అదే ‘బర్జనింగ్ టాలెంట్’ అయితే మొగ్గ పనికొస్తుంది: ‘వికసిస్తున్న ప్రతిభ’. స్నేహమో ప్రేమో అయితే ‘చిగురిస్తున్న’. అప్పుడే పుట్టినది అని చెప్పాలంటే ఇంగ్లిష్‌లో ‘నేసెంట్’ అనే వేరే మాట ఉంది. ఆ రెండూ కలిపేయకండి. నేసెంట్ దశ దాటాక వచ్చేది బర్జనింగ్ దశ.

మనకు ‘వర్ధమాన’ అనే మాట ఉందని చాలామంది మర్చిపోతున్నారు. వర్ధమాన నటుడు, వర్ధమాన రచయిత్రి, వర్ధమాన దేశాలు అని ఒకప్పుడు పత్రికల్లో ధారాళంగా రాసేవాళ్లం. బర్జనింగ్‌కి ఇంత దగ్గరగా వచ్చే తెలుగు మాట ఇంకోటి లేదు. పెరగడం అనే ఒకే ధాతువు నుంచి వృద్ధి వచ్చింది, వర్ధమాన వచ్చింది. వృద్ధి ప్రాకృతం మీదుగా ‘వడ్డీ’గా కూడా మారింది. వడ్డీ అంటే అక్షరాలా పెరిగినది. దీంతో పని ఇంకా ఉంది, ఎక్స్‌పొనెన్షియల్ దగ్గర మళ్లీ వస్తాను.

పర్యాయపదాల్లో ముందు మష్రూమ్. ఇది మనకు నేర్పక్కర్లేని మాట. ‘పుట్టగొడుగుల్లా పుట్టుకొచ్చాయి’ అని మనం ఇంట్లోనే అంటాం. పుట్టగొడుగు అనే పేరులోనే దాని కథ ఉంది. పుట్టల మీద లేచే రకాన్ని చెదపురుగులే పుట్ట లోపల తోటలా పెంచుకుంటాయి. నేల కింద నెలల తరబడి బూజు పోగులు అల్లుకుని ఉంటాయి. తొలకరి పడగానే గొడుగు పైకి లేస్తుంది. ఉరుములు ఉరిమితే పుట్టగొడుగులు లేస్తాయని పల్లెల్లో అంటారు. ఒక్క రాత్రిలో అంత ఎలా పెరుగుతుందంటే, బుడిపెగా ఉన్నప్పుడే కణాలు చాలావరకు తయారై ఉంటాయి. తర్వాత అవి నీళ్లు పీల్చుకుని సాగుతాయి, అంతే.

అందుకే మష్రూమ్ అన్న క్రియలో మూడు సంగతులు కలిసి ఉంటాయి: నిన్న లేదు, ఇవాళ ఉంది, ఒకటి కాదు చాలా ఉన్నాయి. హైదరాబాద్ అమీర్‌పేటలో కంప్యూటర్ కోచింగ్ సెంటర్లు వీధివీధినా వెలిసిన తీరుకు ఇదే మాట. మాదాపూర్‌లో 1998 నవంబర్ 22న అప్పటి ప్రధాని వాజ్‌పేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించిన తర్వాత ఆ చుట్టుపక్కల హాస్టళ్లు వెలిసిన తీరుకు కూడా ఇదే మాట. కానీ ఐటీ రంగం మొత్తం గురించి చెప్పాలంటే మష్రూమ్ వద్దు. అక్కడ బర్జన్ వాడండి. తేడా గమనించారా? రంగం ఒకటే, అది లోపలినుంచి పెరిగింది. హాస్టళ్లు వేరువేరుగా, పక్కపక్కన, అదుపు లేకుండా పుట్టాయి.

తెలుగులో పుట్టగొడుగులు అన్నామంటే దాదాపు ఎప్పుడూ చులకనగానే అంటాం. ‘పుట్టగొడుగుల్లా ఆస్పత్రులు వెలిశాయి’ అంటే అనుమతులున్నాయో లేదో అనే అనుమానం అందులోనే ఉంది. ఇంగ్లిష్‌లో మష్రూమ్‌కి ఆ చేదు కొంచెం తక్కువ. చిన్న నిరసన పెద్ద ఉద్యమంగా మారిందని చెప్పడానికి కూడా ‘మష్రూమ్డ్ ఇంటూ ఎ మూవ్‌మెంట్’ అని మామూలుగా రాస్తారు. దాన్ని ‘పుట్టగొడుగులా ఉద్యమమైంది’ అని తెలుగు చేస్తే ఉద్యమాన్ని అవమానించినట్టే. అక్కడ మనకు ‘చినికి చినికి గాలివాన అయినట్టు’ అనే సామెత ఉంది. అయితే దాన్ని మనం ఎక్కువగా గొడవలకు వాడతాం కాబట్టి, ఉద్యమానికి ‘ఇంతింతై వటుడింతై అన్నట్టు’ బాగుంటుంది. మూడడుగుల నేల అడిగిన వామనుడు ఆకాశమంతా నిండిన పెరుగుదల అది, అందులో గౌరవం ఉంది.

ప్రొలిఫరేట్ ఇంకో రకం. లాటిన్‌లో ‘ప్రోలెస్’ అంటే సంతానం. రోమ్‌లో ఆస్తి లేని, రాజ్యానికి సంతానాన్ని తప్ప ఇంకేమీ ఇవ్వలేని వర్గాన్ని ప్రొలెటేరియట్ అన్నది కూడా దీన్నుంచే. కాబట్టి ప్రొలిఫరేట్ అంటే పిల్లలు పిల్లల్ని పెట్టినట్టు సంఖ్యలో పెరగడం. పరిమాణంలో పెరగడం కాదు. ఒక కంపెనీ ప్రొలిఫరేట్ కాదు, కంపెనీలు అవుతాయి. ఒక కణం కాదు, కణాలు అవుతాయి, వైద్యంలో ఈ మాట ఎక్కువ. మీ సిలబస్‌లో అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం ఉంది కదా, 1968 జులై 1న సంతకాలకు తెరిచి, 1970 మార్చి 5 నుంచి అమల్లోకి వచ్చినది, భారత్ సంతకం చేయనిది. దాని ఇంగ్లిష్ పేరులో ఉన్నది ‘నాన్-ప్రొలిఫరేషన్’. ‘వ్యాప్తి’ అని మనవాళ్లు చేసిన అనువాదం సరైనదే. ఆయుధం పెద్దదవడం గురించి కాదు, అది ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పాకడం గురించి వాళ్ల భయం.

తెలుగులో ఈ అర్థానికి నాకు బాగా ఇష్టమైన మాట ‘తామరతంపరగా’. చెరువులో తామర ఒక తీగ నుంచి నీళ్లంతా అల్లుకున్నట్టు పెరగడం. ‘తామరతంపరగా వర్ధిల్లండి’ అని దీవిస్తారు కూడా. వరి చేలో అయితే ‘పిలకలు వేసింది’ అంటాం, ఒక మొక్క పది మొక్కలవుతుంది. చెడు విషయాలకైతే రక్తబీజుడు ఉన్నాడు, రాలిన ప్రతి నెత్తుటి బొట్టూ ఇంకో రాక్షసుడు. నకిలీ యాప్‌ల గురించో ఫేక్ న్యూస్ గురించో ‘ప్రొలిఫరేటింగ్’ అని ఉంటే ‘రక్తబీజుల్లా పుట్టుకొస్తున్నాయి’ అని రాసి చూడండి. అదే జీవశాస్త్రం పేపర్లో మాత్రం బుద్ధిగా ‘విభజన చెంది వృద్ధి చెందుతాయి’ అనే రాయాలి.

ఇక ధరలు. స్కైరాకెట్, సోర్, సర్జ్. మూడిటికీ మనవాళ్లు ‘ధరలు ఆకాశాన్నంటాయి’ అనే రాస్తారు. స్కైరాకెట్ అంటే దీపావళికి మనం వదిలే తారాజువ్వే. నిప్పు అంటించగానే నిటారుగా పోతుంది. ఉన్నట్టుండి, బాగా ఎక్కువగా పెరిగినప్పుడే అది. టమాటా కిలో 20 రూపాయల నుంచి మూడు వారాల్లో 100 దాటితే స్కైరాకెట్. సోర్ అంటే గద్ద రెక్కలు చాచి గాలిలో తేలుతూ పైకి లేవడం. ఆ మాట మూలంలోనే గాలి ఉంది. ధరలకే కాకుండా ఆశలకు, ఉత్సాహానికి, గుడి గోపురాలకు కూడా సోర్ వాడతారు, అందులో ఒక హుందాతనం ఉంటుంది. ‘ధరలకు రెక్కలొచ్చాయి’ అని మనం రాసేది దీనికి దగ్గర. ‘కొండెక్కాయి’ అని కూడా రాస్తాం. అది ధరల విషయంలోనే. ‘దీపం కొండెక్కింది’ అంటే ఆరిపోయిందని, కాబట్టి వెలుగు, దీపం లాంటి పోలికలున్న వాక్యంలో కొండెక్కడం పెట్టకండి.

సర్జ్ వేరు. దాని బొమ్మ అల. తుపాను వచ్చినప్పుడు సముద్రం ఒడ్డు దాటి మీదపడడాన్ని ఇంగ్లిష్‌లో ‘స్టార్మ్ సర్జ్’ అంటారు, మనం ‘ఉప్పెన’ అంటాం. 1977 నవంబర్ 19న దివిసీమను ముంచింది అదే. మా అమ్మమ్మ వాళ్లది అవనిగడ్డ వైపు. ఆ రాత్రి గురించి చెప్పేటప్పుడు ఆమె ‘పెరిగింది’ అనే మాట ఎప్పుడూ వాడలేదు. ‘వచ్చింది, పోయింది’ అనేది. సర్జ్‌లో ఉన్నది అదే. ఒక్కసారిగా వస్తుంది, తగ్గుతుంది కూడా. పండగ రోజు క్యాబ్‌కి రెట్టింపు చార్జీ పడితే సర్జ్ ప్రైసింగ్, రద్దీ తగ్గాక మామూలు రేటు. పోలింగ్ మొదటి గంటలో ఓటర్లు పోటెత్తితే సర్జ్. పోటు అంటే కూడా సముద్రం పొంగడమే కాబట్టి ‘పోటెత్తారు’ దీనికి అచ్చమైన తెలుగు. పదేళ్లపాటు నిదానంగా పెరిగిన దానికి సర్జ్ అనడం తప్పు.

బెలూన్ గురించి తక్కువ మాటల్లో చెప్పొచ్చు, ఎందుకంటే మన పెద్దలు ముందే చెప్పేశారు: వాపు బలుపు కాదు. ప్రాజెక్టు అంచనా వ్యయం, బడ్జెట్ లోటు, అప్పులు బెలూన్ అవుతాయి. అందులో బలం లేదు, గాలి ఉంది. వడ్డీ మీద వడ్డీ చేరి అప్పు తనను తానే పెంచుకుంటుంటే స్నోబాల్, అంటే దొర్లేకొద్దీ పెద్దదయ్యే మంచుముద్ద. మనకు మంచు లేదు కాబట్టి ‘అప్పు తడిసి మోపెడైంది’ అంటాం. తడిసిన గడ్డిమోపు బరువు మోసినవాళ్లకే తెలుసు, కాబట్టి ఆ మాట స్నోబాల్ కంటే నాకు ఎక్కువ నిజంగా అనిపిస్తుంది.

థ్రైవ్, ఫ్లరిష్ అనే రెండిటినీ వేగానికి వాడకండి. అవి ఆరోగ్యాన్ని చెబుతాయి. ‘మూడు పువ్వులు ఆరు కాయలుగా’ ఉన్న వ్యాపారం థ్రైవింగ్ బిజినెస్. అది ఏడాదికి ఐదు శాతమే పెరుగుతూ ఉండొచ్చు.

ఇప్పుడు ఈ మాటలన్నీ ఒకే కథలో పెట్టి చూపిస్తాను, వేరువేరుగా చదివితే గుర్తుండవు. మన కోస్తా రొయ్యల సాగు తీసుకోండి. 1990ల మొదట్లో నెల్లూరు నుంచి గోదావరి జిల్లాల దాకా టైగర్ రొయ్య సాగు మొదలైంది. మొదట్లో అది బర్జనింగ్ ఇండస్ట్రీ. లాభాలు చూసి వరి పొలాలు తవ్వి చెరువులు చేశారు. హేచరీలు, మేత దుకాణాలు మష్రూమ్ అయ్యాయి. తీరంలో భూముల కౌళ్లు స్కైరాకెట్ అయ్యాయి. మొత్తాన్ని కలిపి చెప్పే మాట బూమ్. బూమ్ అంటే మోత, ఢాం అన్న శబ్దం. వ్యాపారంలో ఈ మాట వాడగానే దాని జంట మాట ‘బస్ట్’ వెనకాలే నిలబడి ఉంటుంది. ఇక్కడా అదే జరిగింది. 1994-95లో తెల్లమచ్చ వ్యాధి వచ్చింది. చెరువులకు చెరువులే పోయాయి. వైరస్ చెరువు నుంచి చెరువుకు ప్రొలిఫరేట్ అయిందని రాస్తారు కొందరు, అది తప్పు. చెరువు నుంచి చెరువుకు పాకితే ‘స్ప్రెడ్’, రొయ్య ఒంట్లో లెక్కకు మించి పుడితే ‘ప్రొలిఫరేట్’. రైతుల అప్పులు స్నోబాల్ అయ్యాయి. 1996 డిసెంబర్‌లో తీరప్రాంత నియంత్రణ మండలంలోని రొయ్యల చెరువుల మీద సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. చాలా ఏళ్ల తర్వాత, 2009లో వనామీ రకాన్ని అనుమతించాక సాగు మళ్లీ లేచింది. దానికి బర్జన్ వద్దు, ఎందుకంటే అది రెండోసారి లేవడం. అక్కడ ‘రిసర్జెన్స్’ అనాలి. తెలుగులో ‘మారాకు వేసింది’ అంటే ఎంత బాగుంటుందో చూడండి. ఎండిపోయిందనుకున్న మొక్క మళ్లీ ఆకు తొడగడం.

ఎక్స్‌పొనెన్షియల్ అన్న మాట మీద కాస్త ఎక్కువసేపు ఉండాలి. పరీక్ష పేపర్లు దిద్దే నా స్నేహితులు కొందరు దీన్ని చూడగానే పెన్నుతో కింద గీత గీస్తారు. ‘చాలా వేగంగా’ అనే అర్థంలో అందరూ వాడేస్తున్నారు. దాని అసలు అర్థం వేగం కాదు, పద్ధతి. ఉన్నదాన్ని బట్టి పెరగడం. ఎంత ఎక్కువ ఉంటే అంత ఎక్కువ చేరడం. బారువడ్డీకి, చక్రవడ్డీకి ఉన్న తేడానే ఇది. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి ఇచ్చారనుకోండి. ఏడాదికి 24 శాతం. మొదటి ఏడాది చివర రెండు లెక్కలూ ఒకటే, లక్షా 24 వేలు. పదేళ్ల తర్వాత బారువడ్డీ లెక్క 3 లక్షల 40 వేలు. ఏడాదికోసారి అసలులో కలిపే చక్రవడ్డీ లెక్క దాదాపు 8 లక్షల 59 వేలు. మొదట తేడా కనపడదు, తర్వాత ఆపలేం. ఇది ఎక్స్‌పొనెన్షియల్. బ్యాంకులో 4 శాతం వడ్డీకి వేసిన డబ్బు కూడా ఎక్స్‌పొనెన్షియల్‌గానే పెరుగుతుంది, కానీ రెట్టింపు కావడానికి 18 ఏళ్లు పడుతుంది. దాన్ని ఎవరైనా వేగం అంటారా?

మన చెరువుల్లో గుర్రపుడెక్క చూశారు కదా. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన మొక్క. పరిస్థితులు కుదిరితే సుమారు రెండు వారాల్లో రెట్టింపవుతుంది. ఇవాళ చెరువు నిండా ఉందంటే, అదే లెక్కన రెండు వారాల కిందట సగమే ఉంది. పది వారాల కిందట చెరువులో ముప్పై రెండో వంతు, ఒక మూల కాస్త పచ్చగా, అంతే. అప్పుడు తీసేస్తే నలుగురు మనుషులు చాలు. మనం సగం నిండాకే కదా చూస్తాం. కొవిడ్ మొదటి వారాల్లో డాక్టర్లు ఈ మాటను అంత ఆందోళనగా ఎందుకు వాడారో దీన్ని బట్టి అర్థమవుతుంది. కాబట్టి రెండు ఏళ్ల అంకెలు మాత్రమే చేతిలో ఉంటే ఎక్స్‌పొనెన్షియల్ అని రాయకండి. కనీసం మూడు నాలుగు అంకెలు ఉండి, ప్రతిసారీ ఒకే నిష్పత్తిలో పెరిగితేనే రాయండి. లేకపోతే ‘షార్ప్’, ‘స్టీప్’, ‘రాపిడ్’ లాంటి సాదా మాటలు చాలు. తెలుగులో గణితం వాళ్లు ‘ఘాతాంక వృద్ధి’ అంటారు. సామాన్య పాఠకుడికి ‘చక్రవడ్డీలా పెరిగింది’ అంటే ఇంకా బాగా పడుతుంది.

అనువాదంలో బొమ్మను కళ్లు మూసుకుని తెచ్చేస్తే ఏమవుతుందో కూడా చెప్పాలి. డెస్కులో చేరిన కొత్తలో ఒక యువ నేత గురించి ‘మెటియోరిక్ రైజ్’ అని కాపీ వచ్చింది. నేను ‘ఉల్కలా ఎదిగిన నేత’ అని రాశాను, అలాగే అచ్చయింది. వారం తర్వాత ఒక రిటైర్డ్ మాస్టారి నుంచి పోస్టుకార్డు వచ్చింది. ‘అమ్మా, ఉల్క రాలుతుంది కదా, ఎదగడం ఎక్కడ చూశావు?’ అని ఒకే వాక్యం. ఆ కార్డు చాలా ఏళ్లు నా డ్రాయర్లో ఉంది. ఇంగ్లిష్ వాళ్లు ఆ మాటలో చూసేది దిక్కు కాదు, చీకటి ఆకాశంలో ఒక్కసారిగా వచ్చే వెలుగు. మనకు ఉల్క అంటే రాలడమూ అపశకునమూ గుర్తొస్తాయి. ‘అనతికాలంలోనే అందలమెక్కిన నేత’ అని రాయాల్సింది.

వ్యాకరణంలో మనవాళ్లు పడే గుంట ఒకటుంది. తెలుగులో ‘పెరుగు’ ఉంది, ‘పెంచు’ ఉంది. అదే పెరగడం, ఇంకెవరో పెంచడం. ఏ క్రియకైనా ఇలా జంట ఉంటుందని మన బుర్ర అనుకుంటుంది. బర్జన్, ప్రొలిఫరేట్, మష్రూమ్, సర్జ్, సోర్ మామూలు వాడుకలో అకర్మకాలే. వాటంతట అవి జరుగుతాయి. ఇంకొకరు చేస్తే ‘బూస్ట్’, ‘ఎక్స్‌పాండ్’, ‘ప్రమోట్’ కావాలి. ఇంకో పొరపాటు ‘కంపెనీ గ్రూ అప్’ అని రాయడం. గ్రో అప్ పిల్లలు పెద్దవాళ్లవడానికి. కంపెనీ ఊరికే ‘గ్రూ’. ‘రాపిడ్లీ బర్జనింగ్’ అని కూడా వద్దు, వేగం ఆ మాటలోనే ఉంది.

ఇక మీ మూడు వాక్యాలు. ‘ద గవర్నమెంట్ ఈజ్ బర్జనింగ్ ద ఐటీ సెక్టార్’ అన్నది తప్పు, కారణం పైన చెప్పిందే. ‘ద గవర్నమెంట్ ఈజ్ ప్రమోటింగ్ ద బర్జనింగ్ ఐటీ సెక్టార్’ అని మార్చండి. ‘పెట్రోల్ ప్రైసెస్ ఆర్ బర్జనింగ్ డే బై డే’ అన్నదాంట్లో వ్యాకరణం సరిగ్గానే ఉంది, మాట సరిగా లేదు. రోజుకి కొన్ని పైసల చొప్పున పెరుగుతుంటే స్కైరాకెట్ కూడా ఎక్కువే. ‘పెట్రోల్ ప్రైసెస్ ఆర్ క్రీపింగ్ అప్’ అనండి. క్రీప్ అంటే పాకడం, చడీచప్పుడు లేకుండా పైకి రావడం. మీరు ఆ వాక్యంలో చెప్పదలచుకున్న బాధ అదే.

మూడోది ‘విలేజ్ విమెన్స్ బర్జనింగ్ కాన్ఫిడెన్స్ ఆఫ్టర్ జాయినింగ్ సెల్ఫ్ హెల్ప్ గ్రూప్స్’. స్వయం సహాయక సంఘాల్లో చేరాక పల్లెటూరి ఆడవాళ్లలో వచ్చిన ధైర్యం గురించి. దీన్ని ముట్టుకోకండి. లోపలినుంచి, తనంతట తాను విచ్చుకున్న దానికే ఈ మాట పుట్టింది. అనువాదంలో మాత్రం మీరు ‘వేగంగా పెరుగుతున్న ఆత్మవిశ్వాసం’ అని రాశారు. అక్కడే మొదటి నిఘంటువు మాట వినాల్సింది. ‘పల్లె మహిళల్లో మొగ్గ తొడిగిన ధైర్యం’ అని రాసి, ఒకసారి పైకి చదువుకోండి.